కృష్ణా డెల్టాలో వృత్తి ఇంటిపేర్లు

ఒక కుటుంబం పూర్వం చేసిన పనినో, చూసిన ఉద్యోగాన్నో తెలిపే ఇంటిపేరును వృత్తి ఇంటిపేరు అనవచ్చు. బెజవాడ, బందరు, గుడివాడ, తెనాలి, రేపల్లె ప్రాంతాలు కలిసిన కృష్ణా డెల్టాలో కరణం, రాయసం, బండారు, జోస్యుల, పురాణం, తలారి, గాజుల ఈ కోవలోవి. మొత్తం ఇంటిపేర్లలో వీటి వాటా చిన్నది. ఇక్కడి ఇంటిపేర్లలో పెద్ద భాగం ఊళ్ల పేర్ల నుంచి వచ్చింది. తర్వాత పూర్వీకుల పేర్లు, దేవుళ్ల పేర్లు, చెట్టూచేమల పేర్లు. ఉన్న కొద్దిపాటి వృత్తి ఇంటిపేర్లలోనూ చేతిపనుల కంటే రాతకోతల ఉద్యోగాలు, చదువులే ఎక్కువ కనిపిస్తాయి. కుండ చేసినవాడు, కొలిమి ఊదినవాడు, మగ్గం నేసినవాడు లేనిదే ఏ ఊరూ నడవలేదు. అయినా వాళ్ల పని వాళ్ల ఇంటిపేరు కావడం ఇక్కడ అరుదు.

జర్మనీలో సంగతి వేరు. అక్కడ అందరికంటే ఎక్కువమందికి ఉన్న పది ఇంటిపేర్లూ పనినో పదవినో చెప్పేవే. ముల్లర్ పిండిమర నడిపేవాడు, ష్మిట్ కమ్మరి, ష్నైడర్ దర్జీ, ఫిషర్ చేపలు పట్టేవాడు, వేబర్ నేతగాడు, వాగ్నర్ బండ్లు చేసేవాడు, బెకర్ రొట్టెలు కాల్చేవాడు. మైయర్, హాఫ్‌మన్ భూస్వామి కమతాల మీద పెత్తనం చూసినవాళ్లు. షుల్జ్ ఊరిపెద్ద. ఋగ్వేదాన్ని అచ్చువేయించిన మాక్స్ ముల్లర్, కార్ల పందేల మైకేల్ షూమాకర్ మనవాళ్లకూ తెలిసినవాళ్లే. ఒకరి ఇంటిపేరులో పిండిమర ఉంది, రెండోవారి ఇంటిపేరులో చెప్పులు కుట్టే పని ఉంది.

ఆ మాటకొస్తే జర్మన్ వృత్తి ఇంటిపేర్లు మన గడ్డ మీదికీ వచ్చాయి. 1870లో రాజమండ్రి లూథరన్ మిషన్‌కు వచ్చిన ఫాదిరీ ఒకరి పేరు ష్మిట్. పెన్సిల్వేనియాలో పుట్టిన వైద్యురాలు అన్నా కుగ్లర్ 1883లో గుంటూరు వచ్చారు. 1898లో అక్కడ ఆసుపత్రి తెరిచి, 1930లో ఆ ఊళ్లోనే కన్నుమూశారు. గుంటూరు జనం నేటికీ కుగ్లర్ ఆసుపత్రి అనే అంటారు. గుగల్ అనే ముసుగు టోపీలు కుట్టేవాళ్లకు ఆ ఇంటిపేరు వచ్చిందని ఒక వివరణ.

ఊరికొక్క ఇల్లు

రెండు చోట్లా ఇంత తేడా ఎందుకన్నది ఈ విషయంలో అసలు ప్రశ్న. మధ్యయుగపు జర్మన్ పల్లెలో మర ఒకటి, కొలిమి ఒకటి. హాన్స్ అనేవాళ్లు నలుగురుంటే కొలిమి హాన్స్ అంటే చాలు, ఎవరో తెలిసిపోయేది. పన్నెండో శతాబ్దం నుంచి ముందు పట్టణాల్లో, తర్వాత పల్లెల్లో ఇలాంటి పిలుపులు దస్తావేజుల్లోకి ఎక్కి వంశానికి అంటుకున్నాయి. కమ్మరి కొడుకు రొట్టెల దుకాణం పెట్టుకున్నా ష్మిట్‌గానే మిగిలాడు. ప్రాంతాన్ని బట్టి ఒకే పనికి వేరువేరు మాటలుండటంతో ఇంటిపేర్లూ వేరయ్యాయి. కుమ్మరి దక్షిణాన హాఫ్నర్, తూర్పు మధ్య ప్రాంతాల్లో ట్యోప్ఫర్. ఇంటిపేరు వినగానే పూర్వీకులది ఏ దిక్కో అక్కడివాళ్లు ఊహించగలగడానికి కారణం ఇదే.

డెల్టాలో ఇంటిపేరు చేసే పని ఇంకొకటి ఉంది. పెళ్లి సంబంధం మాట్లాడేటప్పుడు మొదట అడిగేది అదే. ఇంటిపేరు ఒకటైతే అన్నదమ్ముల వరస, ఇచ్చిపుచ్చుకోవడం కుదరదు. అంటే ఒక కులం లోపల ఒక వంశాన్ని మరో వంశం నుంచి విడదీసి చూపడం ఇంటిపేరు బాధ్యత. కంసాలి ఇంట్లో సంబంధం వెతికేవాళ్లకు కంసాలి అనే మాట దేనికీ పనికిరాదు. వచ్చిన ప్రతి సంబంధమూ కంసాలిదే. కుమ్మరికీ, సాలెకూ, చాకలికీ ఇదే పరిస్థితి. పని పేరు కులం పేరైపోయాక అది ఇళ్లను విడదీయలేదు. ఈ కుటుంబాలు కూడా అందరిలాగే ఊరి పేరునో, తాత పేరునో ఇంటిపేరుగా పెట్టుకున్నాయి.

బయటివాళ్లు పిలిచే పేరు, ఇంట్లోవాళ్లు చెప్పుకునే పేరు వేరుగా ఉండటం ఇందువల్లే. తెలంగాణ సాయుధ పోరాటంలో పాలకుర్తి భూమి కోసం నిలబడ్డ ఐలమ్మను లోకం చాకలి ఐలమ్మ అంటుంది. ఆమె ఇంటిపేరు చిట్యాల. కుమ్మరి, వడ్ల, మంగలి వంటి మాటలు తెలంగాణలో రికార్డుల్లో కూడా ఇంటిపేరు స్థానంలోకి వచ్చాయి. డెల్టాలో అది తక్కువ.

కరణీకం మాత్రం వేరే తీరు. ఊరికి కరణం ఇల్లు ఒకటి, మహా అయితే రెండు. తలారీ అంతే. ఒకే కులంలో పది ఇళ్లుంటే వాటిలో ఆ ఉద్యోగం ఉన్నది ఒక్క ఇంటికే. అందుకే ఉద్యోగం ఇంటిపేరు కాగలిగింది, వృత్తి కాలేకపోయింది. ఈ వ్యాసంలో ముందుకొచ్చే ఉదాహరణల్లో చాలావాటికి ఈ సూత్రం సరిపోతుంది.

ఊరి పేరు నీడలో

వృత్తి ఇంటిపేర్లు ఎంత మైనారిటీయో తెలియాలంటే ఊరి ఇంటిపేర్లను ఒకసారి చూడాలి. ఊరి పేరు ఇంటిపేరయ్యేటప్పుడు తరచు చివర మారుతుంది. ఊరు ఊరి అవుతుంది, పాడు పాటి అవుతుంది, మర్రు మర్తి అవుతుంది, ఏలేశ్వరం ఏలేశ్వరపు అవుతుంది. వేటూరి, పసుమర్తి, ఘంటసాల, కొండపల్లి అన్నీ ఈ దారిన వచ్చినవే. అయితే ఉన్న ఊళ్లో ఆ ఊరి పేరుతో ఎవరినీ పిలవరు. ఊరు వదిలి వెళ్లినవాడికే అది ఇంటిపేరవుతుంది. నందమూరి తారక రామారావు 1923లో పుట్టింది నిమ్మకూరులో. నందమూరులో పుట్టినాయన విశ్వనాథ సత్యనారాయణ. ఘంటసాల వేంకటేశ్వరరావు పుట్టింది చౌటపల్లిలో. ఈ లెక్కన డెల్టా ఇంటిపేర్ల జాబితా అంటే వదిలి వచ్చిన ఊళ్ల జాబితా.

కొలువు ఇంటిపేర్లు

వృత్తి ఇంటిపేర్లలో బాగా పాతవి రాజుల కొలువుల నుంచి వచ్చాయి. ఎఱ్ఱాప్రగడ, యల్లాప్రగడ, మంత్రిప్రగడ పేర్ల చివర ఉన్న ప్రగడ ఒకప్పుడు ప్రెగడ, అంటే కొలువులో పై ఉద్యోగి, మంత్రి. కన్నడంలో ఇదే మాట పెర్గడెగా మొదలై హెగ్గడె, హెగ్డే అయింది. కర్ణాటక ముఖ్యమంత్రిగా చేసిన రామకృష్ణ హెగ్డే, అద్దంకిలో ప్రోలయ వేమారెడ్డి ఆస్థానంలో ఉన్న ఎఱ్ఱన ఆ విధంగా ఒకే ఉద్యోగం పేరు మోసినవాళ్లు.

రాయసం అంటే రాజుగారి ఉత్తరాలు, ఉత్తర్వులు రాసే పని. విజయనగర కాలంలో రాయసగాడు ఒట్టి రాతగాడు కాదు, దండు నడిపి దుర్గాలు ఏలిన పెద్ద అధికారి. శ్రీకృష్ణదేవరాయల దగ్గరున్న రాయసం కొండమరుసు ఉదయగిరి పాలన చూశాడు. నాలుగు శతాబ్దాల తర్వాత అదే ఇంటిపేరు వీరేశలింగం అనుచరుడు, ఉపాధ్యాయుడు రాయసం వెంకటశివుడికి ఉంది. ఆయన ఆత్మచరిత్ర తెలుగులో ఆ ప్రక్రియకు తొలినాటి గ్రంథాల్లో ఒకటి.

బండారు అంటే ఖజానా, కొట్టు. భాండాగారం అనే సంస్కృత పదం నలిగి ఇలా అయింది. హిందీ ప్రాంతాల భండారీ కూడా దీని తోబుట్టువే. తొలి తెలుగు కథారచయిత్రుల్లో ఒకరైన బండారు అచ్చమాంబ 1874లో నందిగామలో పుట్టారు. అయితే బండారు ఆమెకు అత్తింటి పేరు. పుట్టింటి పేరు కొమర్రాజు. తెలుగులో విజ్ఞాన సర్వస్వ రచనకు పూనుకున్న కొమర్రాజు లక్ష్మణరావు ఆమె తమ్ముడు, పుట్టింది 1877లో పెనుగంచిప్రోలులో. ఇంటిపేర్ల చరిత్ర రాసేవాళ్లను తిప్పలు పెట్టేది ఇలాంటి సందర్భాలే. పేరు మగవారి వెంట నడుస్తుంది గనుక అచ్చమాంబ పేరు ముందున్న ఖజానా ఆమె పుట్టిన వంశానిది కాదు.

వీటన్నిటికంటే జనానికి దగ్గరిది కరణం. భూమి శిస్తు లెక్కలు, పొలాల హద్దులు, ఎవరి పేరున ఎంత ఉందన్న వివరం కరణం చేతిలో ఉండేవి. తాటాకుల మీద రాసి కట్టిన ఊరి లెక్కల పుస్తకాన్ని కవిలె అనేవారు. కాకతీయుల కాలపు మంత్రిగా చెప్పే గోపరాజు రామన్న గ్రామ కరణీకాలను నియోగులకు పంచిపెట్టాడని ఒక ఐతిహ్యం ఉంది. అది ఎంతవరకు చరిత్రో తేల్చడం కష్టం గాని, డెల్టా కరణీకాల్లో నియోగులు ఎక్కువగా ఉన్న మాట నిజం. అలాగని కరణం అనే ఇంటిపేరు ఒక్క కులానిది కాదు, ఒక్క ప్రాంతానిదీ కాదు. రాజకీయాల్లో కరణం బలరాం ప్రకాశం జిల్లావారు. 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో కాంస్య పతకం గెలిచిన కరణం మల్లీశ్వరి శ్రీకాకుళం జిల్లా ఆడపడుచు.

తెలుగు ఊళ్ల చరిత్ర మనకు మిగలడానికి కూడా కరణాలే కారణం. సర్వేయర్ కాలిన్ మెకంజీ తరఫున ఏలూరుకు చెందిన కావలి వెంకట బొర్రయ్య, ఆయన సోదరులు, వారి మనుషులు ఊరూరా తిరిగి కైఫీయతులు రాయించారు. వాటికి ఆధారం చాలాచోట్ల కరణాల కవిలెలే. బొర్రయ్య 1803లో చిన్నవయసులోనే చనిపోయాడు. ఆయన ఇంటిపేరు కావలి కాయడం నుంచి వచ్చిందో, నెల్లూరు సీమలోని కావలి ఊరి నుంచి వచ్చిందో మాటను బట్టి తేలదు. రెండు దారులూ తెరిచే ఉన్నాయి.

తలారి ఈ వరుసలో కింది మెట్టు. ఊరి కాపలా, దండోరా, శిస్తు వసూలుకు పిలుపు అతని పని. కరణానిది రాత, మునసబుది మాట, తలారిది తిరుగుడు. ఆ ఇంటిపేరు గోదావరి, కృష్ణా జిల్లాల్లో ఇప్పటికీ ఉంది.

చదువు ఇంటిపేర్లు

జోస్యుల, వేదుల, అవధానుల, పురాణం, వేదాంతం, సోమయాజుల. వీటిని వృత్తి ఇంటిపేర్లలో చేర్చవచ్చా అన్న వాదన ఉంది. జోస్యుడికి పంచాంగం చెప్పడం, ముహూర్తం పెట్టడం జీవనాధారం గనుక అది వృత్తే. పురాణం చెప్పడమూ అంతే. బెజవాడలో ఆంధ్రజ్యోతి వారపత్రికను నడిపిన పురాణం సుబ్రహ్మణ్యశర్మ ఇంటిపేరు ఈ దారిదే. సోమయాజి మాత్రం పని చేసేవాడి పేరు కాదు, సోమయాగం చేసినవాడి పేరు. ఎప్పుడో ఒక ముత్తాత ఒక్కసారి చేసిన యాగాన్ని మనవలు, మునిమనవలు తరతరాలుగా మోస్తున్నారు. దీన్ని వృత్తి అనడం కంటే బిరుదు అనడం మేలు.

మధ్యస్థంగా ఉండేవి భొట్ల పేర్లు. భట్టు అంటే పండితుడు. పెద్దిభట్టు అనే పూర్వీకుడి సంతతి పెద్దిభొట్లవారు. విజయవాడ లయోలా కళాశాలలో పాఠాలు చెప్పిన కథకుడు పెద్దిభొట్ల సుబ్బరామయ్య ఇంటిపేరులో తాత పేరూ ఉంది, తాత చదువూ ఉంది.

ఈ రకం పేర్లన్నిటినీ ఒక్కచోట చూడాలంటే మొవ్వ మండలంలోని కూచిపూడికి వెళ్లాలి. గోల్కొండ నవాబు తానీషా అగ్రహారంగా ఇచ్చాడని చెప్పుకునే ఈ ఊరి బ్రాహ్మణ కుటుంబాలు తరతరాలుగా భాగవత మేళాలు కట్టాయి. లోకం దృష్టిలో వాళ్లంతా కూచిపూడి భాగవతులే. కాని 1763లో అగ్రహారం వాటాల పంపకానికి రాసుకున్న పత్రం కుటుంబాలను ఇంటిపేర్లతోనే విడదీసింది. వేదాంతం, వెంపటి, చింతా, పసుమర్తి, భాగవతుల, మహంకాళి, ఏలేశ్వరపు, వల్లభజోస్యుల వంటి ఇంటిపేర్లు ఈ ఊరివి. అందులో వేదాంతం చదువు, జోస్యుల వృత్తి, పసుమర్తి, వెంపటి, ఏలేశ్వరపు ఊళ్లు, మహంకాళి దేవత.

ఊరంతా చేసే పని భాగవతమైనా, భాగవతుల అనే ఇంటిపేరు వాళ్లలో ఒక వంశానికే ఉంది. అందరూ అదే పెట్టుకుంటే వాటాలు పంచేదెలా, పిల్లనిచ్చేదెవరికి? కంసాలికి వర్తించిన సూత్రమే ఇక్కడ నాట్యానికీ వర్తించింది. సత్యభామ వేషానికి పేరుపడ్డ వేదాంతం సత్యనారాయణశర్మ, కూచిపూడిని మద్రాసులో నిలబెట్టిన వెంపటి చినసత్యం ఒకే కళలో బతికారు. వారి ఇంటిపేర్లలో మాత్రం ఆ కళ లేదు.

సరుకు ఇంటిపేర్లు

చేతిపనులు ఇంటిపేర్లు కాలేదన్న మాటకు అడ్డుచెప్పేవి గాజుల, ఆకుల, పూసల, మిరియాల, ఉప్పు వంటివి. గమనిస్తే వీటిలో చాలావరకు పని పేర్లు కావు, సరుకు పేర్లు. వర్తకం చేసే కులాల్లో ఒక ఇల్లు గాజులమ్మితే మరో ఇల్లు తమలపాకులమ్మేది. అమ్మే సరుకు ఇంటిని ఇంటి నుంచి విడదీసింది గనుక అది ఇంటిపేరైంది. పత్రికాధిపతిగా, 1852లో మద్రాస్ నేటివ్ అసోసియేషన్ స్థాపకుడిగా పేరుపొందిన గాజుల లక్ష్మీనరసు చెట్టి వర్తక కుటుంబంవాడే. అయితే సరుకు పేరున్న ప్రతి ఇంటిపేరునూ అంగడికి ముడిపెట్టకూడదు. పసుపు, మిరియం, చింత వంటివి కొన్ని కుటుంబాలకు కులదేవతతోనో, పూర్వపు నిషేధంతోనో ముడిపడి ఉండవచ్చు. ఎడ్గార్ థర్‌స్టన్ 1909లో అచ్చువేసిన ఏడు సంపుటాల్లో కులాలవారీగా ఇంటిపేర్ల జాబితాలున్నాయి. అందులో చెట్లు, జంతువులు, పనిముట్లు కలగాపులగంగా కనిపిస్తాయి. ‘ఇంటిపేరు కస్తూరివారు, ఇంట్లో గబ్బిలాల కంపు’ అన్న సామెత పుట్టిన గడ్డ మీద సరుకును చూసి వంశాన్ని నిర్ణయించడం తెలివైన పని కాదు.

పనిలా వినబడి పని కానివీ ఉన్నాయి. గొల్లపూడి విజయవాడను ఆనుకుని ఉన్న ఊరు. ఆ ఇంటిపేరున్నవాళ్లు ఊరి పేరు మోస్తున్నారు, గొర్రెల మందను కాదు. భద్రాచల రామదాసు ఇంటిపేరు కంచర్ల, వినడానికి కంచరి పనివాళ్ల పేరులా ఉంటుంది. ఆయన నియోగి, తహసీల్దారు. డెల్టా రైతులు దండం పెట్టే కాటన్ దొర ఇంటిపేరుకూ పత్తికీ సంబంధం లేదు. అది ఇంగ్లండులో గుడిసెలున్న చోటు అనే అర్థంలో ఊళ్లకున్న పేరు.

నాయుడు, చౌదరి, రెడ్డి, పంతులు కూడా మొదట్లో ఉద్యోగ నామాలే. నాయకుడు దండుకు, చౌదరి శిస్తుకు, రెడ్డి ఊరికి పెద్దలు. పంతులు చదువు చెప్పేవాడు, కొలువు చేసేవాడు. కాని ఇవి పేరు చివర చేరాయి, ఇంటిపేరు స్థానానికి రాలేదు. త్రిపురనేని రామస్వామి చౌదరి అన్నప్పుడు ముందున్నది వంశం, వెనకున్నది గౌరవం. జర్మనీలో షుల్జ్ ఒక్కమాటలో చేసిన రెండు పనులను తెలుగువాళ్లు పేరుకు రెండు కొసలా పంచారు.

పదవి పోయాక

1895 నాటి మద్రాసు చట్టం కరణం, మునసబు పదవులకు వారసత్వాన్ని ఖాయం చేసింది. తండ్రి తర్వాత కొడుకు అన్నది ఆచారం నుంచి చట్టమైంది. ఆ చట్టంపై తుది దెబ్బల్లో ఒకటి డెల్టా నుంచే పడింది. తెనాలి తాలూకా పెరవలిపాలెం మునసబు పదవిని వారసుడన్న కారణంతో ఒకరికి ఇవ్వగా, ఆ నియామకాన్ని సవాలు చేసిన కేసు సుప్రీంకోర్టుకు వెళ్లింది. పుట్టుకను బట్టి ప్రభుత్వోద్యోగం ఇవ్వడం రాజ్యాంగం 16వ అధికరణానికి విరుద్ధమని 1960 డిసెంబరులో ధర్మాసనం తీర్పు చెప్పింది. వారసత్వపు కొలువుతో తలపడిన ఆ కక్షిదారు ఇంటిపేరు గాజుల.

మిగిలిన పని 1984 జనవరిలో పూర్తయింది. నిమ్మకూరు నుంచి వచ్చిన ముఖ్యమంత్రి రామారావు ప్రభుత్వం ఆర్డినెన్సుతో కరణాలు, మునసబుల పదవులను రద్దు చేసింది. లెక్కల పుస్తకాలు కరణాల ఇళ్ల నుంచి తాలూకా కార్యాలయాలకు చేరడానికి చాలాచోట్ల గొడవలే అయ్యాయి. పదవి రద్దయింది గాని ఇంటిపేరును రద్దు చేసే అధికారం ఏ ఆర్డినెన్సుకూ లేదు. ఈ కాలంలో కరణం ఇంటిపేరుతో పుట్టిన బిడ్డకు అది ఒకప్పటి ఉద్యోగమని పెద్దలు చెబితే తప్ప తెలియదు.

వ్యాప్తి

బెజవాడ దగ్గర 1855లో ఆనకట్ట పూర్తయ్యాక కాలవల కింద పొలాలకు కొత్త జనం వచ్చారు. తర్వాతి తరాల్లో డెల్టావాళ్లే బయటికి కదిలారు. 1931లో నిజాంసాగర్ నిండాక బోధన్, వర్ని వైపు, తుంగభద్ర నీళ్లు వచ్చాక కర్ణాటకలోని సింధనూరు, గంగావతి వైపు వెళ్లి కాంపులు కట్టుకున్నారు. ఊరి ఇంటిపేర్లకు ఇది అలవాటైన ప్రయాణం. ఉద్యోగ ఇంటిపేర్ల కథ కొంచెం తేడా. కరణీకం ఊరికి కట్టుబడిన పని. కుటుంబం కదిలితే పని ఊళ్లోనే మరొకరికి పోయేది, పేరు మాత్రం బండెక్కేది. డెల్టాకు దూరంగా కనిపించే కరణాలు, తలారులు చాలావరకు ఇలా పని వదిలి పేరు తెచ్చుకున్నవాళ్లే అయ్యుంటారు.

సముద్రం దాటాక పేర్ల వరుసే తలకిందులైంది. తెలుగునాట ముందుండే ఇంటిపేరును పొట్టిచేసి ఒక్క అక్షరంగా రాసుకోవడం ఇంగ్లిషు చదువుతో వచ్చిన అలవాటు. భీమవరంలో పుట్టి అమెరికాలో పరిశోధన చేసిన యల్లాప్రగడ సుబ్బారావు అలాగే వై. సుబ్బారావుగా సంతకం చేశారు. 1925లో ఆయన ఫిస్క్‌తో కలిసి ప్రకటించిన భాస్వరం పరీక్ష ఫిస్క్-సుబ్బారావు పద్ధతిగా ప్రపంచానికి తెలుసు. ఫిస్క్ పక్కన ఇంటిపేరు ఉండాల్సిన చోట తల్లిదండ్రులు పెట్టిన పేరు నిలిచింది. మంత్రి పదవి నుంచి వచ్చిన ప్రగడ ఒక్క అక్షరంలోకి ముడుచుకుంది.

తర్వాత వెళ్లినవాళ్లు ఇంటిపేరును చివరికి జరిపారు. సత్య నాదెళ్ల అన్నప్పుడు నాదెళ్ల ఇంటిపేరు. ఈ మార్పుతో కరణం, బండారు వంటి పొట్టి పేర్లకు ఏ చిక్కూ రాలేదు. చదువు ఇంటిపేర్లకే ఇబ్బంది. అయ్యలసోమయాజుల ఇంగ్లిషులో 16 అక్షరాలు, వల్లభజోస్యుల 15. పలకడానికి ఇబ్బంది పడే పొరుగువాళ్ల కోసం ఈ రెండోదాన్ని సగానికి కుదించి ముందు భాగం ఉంచుకుంటే జోస్యం పోయి వల్లభుడు మిగులుతాడు.